ఆరా, ఏడా

ఆ కంకర క్వారీలో టైము తెలియనివాడు లేడు. మేనేజరు చేతికి వాచీ, లారీ డ్రైవర్ల జేబుల్లో ఫోన్లు, గేటు దగ్గర గోడకు కంచమంత గడియారం. ఒక్క పేలుడు మేస్త్రీ దగ్గర మాత్రం ఇవేవీ ఉండవు. పేలుడు మందుతో పనిచేసేవాడు ఫోన్ దగ్గర పెట్టుకోకూడదని రూలు. పోనీ వాచీ అయినా పెట్టుకోవయ్యా అంటే, "చెయ్యే కొలతగా ఉంటే దాని మీద ఇంకో కొలత ఎందుకు?" అనేవాడు. అదేదో వేళాకోళం అనుకునేరు. ఆయన కాలాన్ని నిజంగానే మోచేతితో కొలిచేవాడు. నల్లటి ఒత్తిని మోచేతి నుంచి వేలి కొసదాకా చాపితే ఒక మూర. మూర ఒత్తి కాలడానికి నిమిషానికి కాస్త తక్కువ పడుతుంది. అయిదు మూరలు కోశాడంటే అంటించి, గట్టెక్కి, కాపలా గుంటలో కూర్చుని చెమట తుడుచుకునేంత వ్యవధి ఉంటుందన్నమాట. మనలాంటి వాళ్ళం ఇప్పుడే వస్తానని చెప్పి రెండు గంటలకు వెళ్ళినా ఎవరూ చావరు. ఆయన పని అలాంటిది కాదు, పాపం.

రాతి గోడకు వరసగా రంధ్రాలు తొలిచి, మందు కూరి, ఒక్కోదానికీ ఒక్కో ఒత్తి పెడతారు. మొదటి ఒత్తికన్నా రెండోది నాలుగు వేళ్ళు పొడుగు, రెండోదానికన్నా మూడోది ఇంకో నాలుగు వేళ్ళు. అలా కోస్తేనే అన్నీ ఒక్కసారి పేలకుండా ఒకదాని వెనక ఒకటి పేలతాయి. నాలుగు వేళ్ళ ఒత్తి కాలడానికి పది అంకెలు, పక్కదాన్ని అంటించడానికి రెండు అంకెలు, వెరసి పన్నెండు. ఒకటి పేలాక పన్నెండు లెక్కపెడితే ఇంకొకటి పేలాలి. ఎన్ని రంధ్రాలు పెడితే అన్ని చప్పుళ్ళు వినాలి. ఒక్కటి తగ్గిందా, లోపల ఒకటి ఇంకా బతికే ఉన్నట్టు. ఒత్తి తడిసో, నలిగో ఎక్కడో కునికిపాట్లు పడుతూ ఉంటుంది. అది ఎప్పుడు అంటుకుంటుందో చెప్పగల మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. అందుకే అరగంట గడిచేదాకా ఎవరూ క్వారీ గోతిలో అడుగు పెట్టకూడదు. కాపలా గుంట గోడ మీద ఎర్రరంగుతో 'ముప్పై నిమిషాలు' అని రాసి ఉంటుంది.

మేస్త్రీ ఆ రూలును గోడ మీద చదివి నేర్చుకోలేదు. ఆయనకు పని నేర్పిన మేనమామ పాతికేళ్ళ కిందట ఒక రోజు పధ్నాలుగో నిమిషంలో, "ఇంకేం పేలుతుందిలేరా" అని బీడీ పారేసి లోపలికి నడిచాడు. పదిహేనో నిమిషం దాటాక ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి ఒక గోనెసంచి సరిపోయింది. ఆ సంచి ఒక కొస పట్టుకున్నది మేస్త్రీయే. ఆ తర్వాత ఆయన ఎన్నో పేల్చాడు గానీ, అరగంటలో ఒక్క నిమిషం మినహాయించమన్నా ఒప్పుకునేవాడు కాదు.

ఇక ఆయన భార్య సంగతి. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో గిన్నెలు తోముకుంటూ కొండవైపు చెవి పడేసి ఉండేది. ఇవాళ ఎన్ని రంధ్రాలని పొద్దున్నే అడిగి గుర్తుపెట్టుకునేది. అన్ని చప్పుళ్ళూ వినిపిస్తే మొగుడు సాయంత్రం ఇంటికొస్తాడు. ఆవిడకు అదే గడియారం. తర్వాత క్వారీలోనే ఎర్రజెండా పని దొరికింది. పేల్చే వేళకు గోతికి అవతలి కొసన రోడ్డు మీద నిలబడి లారీలను ఆపడం ఆ పని. ఇరవై రెండేళ్ళుగా సాయంత్రం ఇద్దరూ ఎదురుపడగానే ఆవిడ నోటి నుంచి వచ్చే మొదటి మాట 'ఇవాళ తొమ్మిది' అనో, 'పదకొండు' అనో. ఆయన తలూపుతాడు. ఒక్కనాడూ తేడా రాలేదు. మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష విషయాల్లో అబద్ధాలు ఆడుకుంటారు, మనం ఆడమా ఏంటి? వాళ్ళూ ఆడుకున్నారు. చప్పుళ్ళ లెక్కలో మాత్రం ఎప్పుడూ ఆడలేదు.

ఆ రోజు ఏడు రంధ్రాలు. గోతిలో మనుషులెవరూ లేకుండా మధ్యాహ్నం భోజనాల వేళ చూసి పేల్చడం అక్కడి అలవాటు. మేస్త్రీ పక్కన బామ్మర్ది ఉన్నాడు. ఆవిడ తమ్ముడు, రంధ్రాలు తొలిచే పనివాడు, ముప్పై ఏళ్ళవాడు. క్వారీలో వాణ్ణి అందరూ 'తొందర' అంటారు. అన్నం ఉడక్కముందే కంచం ముందు కూర్చునే బాపతు. ఏడో నెలలోనే పుట్టుకొచ్చాడు, అప్పట్నుంచీ వీడిదిదే వరస అని అక్క దెప్పుతుంది. దెప్పుతుందే గానీ, తల్లి పోతే చంకనేసుకుని పెంచింది తనే. వాడికి ముల్లు గుచ్చుకుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

మేస్త్రీ ఒత్తులు కోస్తుంటే తొందర నోరు ఊరుకోలేదు. "బావా, నిన్న అక్క నన్ను తిట్టిన తిట్లు విన్నావా? మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. నీ ఒత్తులన్నా నయం, ఎక్కడో ఒకచోట ఆగుతాయి."

మేస్త్రీకి నవ్వాగలేదు. నవ్వుతూనే కోశాడు. ఒత్తులు పెట్టడం, అంటించడం అయ్యాక తొందర రంధ్రాలు తొలిచే కంప్రెసరు ఆపి దాని పక్కనున్న ఇనుప గదిలో దూరాడు. ఇక ప్రమాదం లేదని సైరన్ మోగేదాకా అక్కడే ఉండాలి. మేస్త్రీ గట్టెక్కి కాపలా గుంటలో కూర్చున్నాడు.

మొదటిది పేలింది. పన్నెండు అంకెలు. రెండు. పన్నెండు అంకెలు. మూడు. పన్నెండు అంకెలు. నాలుగు. ఆ నాలుగోది గుంట గోడల మట్టి రాలేంత గట్టిగా వచ్చింది. మేస్త్రీ మళ్ళీ పన్నెండు లెక్కపెట్టాడు. ఏమీ లేదు. పదమూడు, పధ్నాలుగు, పదిహేను. ఆయన వేళ్ళు గుంట అంచును గట్టిగా పట్టుకున్నాయి. ఇరవై నాలుగు దగ్గర ఇంకొకటి పేలింది. మళ్ళీ పన్నెండుకు మరొకటి. తర్వాత రాళ్ళు దొర్లుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆరు. పెట్టినవి ఏడు.

దుమ్ము కాస్త తగ్గేసరికి ఇనుప గది తలుపు తెరుచుకోవడం కనిపించింది. సైరన్ లేదు పాడూ లేదు, తొందర బయటికొచ్చి చేతులు ఊపుకుంటూ రాతి గోడవైపు నడుస్తున్నాడు. మేస్త్రీ పైనుంచి గొంతు చించుకున్నాడు. "ఒరేయ్! లోపలికి పోరా! పోరా లోపలికి!" వాడు తలెత్తి, ఏంటన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గోడ పైన వదులైన బండ ఒకటి జారింది. పెద్దదేం కాదు, ఒక బస్తా అంత ఉంటుంది. దొర్లుకుంటూ వచ్చి వాడి తొడను కొట్టి అవతలికి పోయింది. వాడు కూలబడి, లేవబోయి, మళ్ళీ పడ్డాడు. కాలు ఉండకూడని తీరులో పక్కకు తిరిగి ఉంది.

నాలుగు తర్వాత పేలాల్సిన ఆ అయిదో రంధ్రానికీ వాడికీ మధ్య ముప్పై అడుగులు కూడా లేవు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. చెడ్డవాడని చెప్పలేం, రూల్సు పుస్తకం తెలిసినవాడు. కిందకు చూశాడు, వాచీ చూసుకున్నాడు. "ఎన్ని, మేస్త్రీ?"

"ఆరు, సార్."

"చివరిది ఒంటిగంటా పదికి పేలింది. అంటే ఒకటీ నలభై దాకా ఎవరూ దిగడానికి లేదు."

"నాకు తెలుసు, సార్."

మేస్త్రీ పైనుంచి అరిచి చెబుతుంటే తొందర చొక్కా విప్పి తొడ మీద గాయానికి పైన కట్టుకున్నాడు. కట్టు బిగించే ఓపిక లేక చేతులు వదిలేస్తున్నాడు. వాడి చుట్టూ తెల్లటి రాతిపొడి మీద ఎరుపు పాకుతోంది. మేనేజరు ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. డాక్టరమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "రక్తం కారుతోందా, ఎగజిమ్ముతోందా?"

మేస్త్రీ కళ్ళు చికిలించి చూశాడు. "ఎగజిమ్ముతోందమ్మా. గుండె కొట్టుకున్నట్టే, ఆగి ఆగి."

"అయితే అరగంట అన్న మాట నాతో అనకండి. పావుగంటలో ఎవరో ఒకరు ఆ కట్టు బిగించాలి. అంతకన్నా ఆలస్యమైతే నా దగ్గరికి తెచ్చీ లాభం లేదు."

ఫోన్ పెట్టేసరికి నాలుగు నిమిషాలు అయ్యాయి. పేల్చే వేళకు గేటు దగ్గరే ఉంచే ఆంబులెన్సు గోతి దగ్గరికి వచ్చేసింది. దాని డ్రైవరు దిగి నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నాడు. అంతా చూస్తున్నారు. ఒక మనిషి ఎదురుగా పోతూ ఉంటే వాచీ చూసుకుంటూ కూర్చోవడం ఎంత దరిద్రమో అనుభవిస్తే గానీ తెలియదు. మేనేజరు వాచీలో ముల్లు ఎప్పటిలాగే తిరుగుతోంది. దాని తప్పేముంది! గోడ మీది అరగంట వేరు, డాక్టరమ్మ పావుగంట వేరు, కింద రాతిపొడి మీద పాకుతున్నది వేరు. మూడూ ఒకేసారి నడుస్తున్నాయి, ఒకదానికొకటి కుదరడం లేదు.

మేస్త్రీ బుర్రంతా ఆ అయిదో రంధ్రం చుట్టూనే తిరుగుతోంది. నాలుగు పేలాక ఇరవై నాలుగు అంకెల ఖాళీ వచ్చింది కాబట్టి తేడా కొట్టింది అయిదోదే. అయితే అది రెండు రకాలుగా జరగొచ్చు. అయిదోది అసలు పేలకుండా అక్కడే కూర్చుని ఉండొచ్చు. లేదా తన టైముకన్నా ముందే, నాలుగోదానితో కలిసి పేలిపోయి ఉండొచ్చు. రెండు ఒకేసారి పేలితే చెవికి ఒకటే. నాలుగోది అంత గట్టిగా వచ్చిందెందుకు మరి? కానీ అక్కడ రాతిలో బీట ఉంది. బీట ఉన్నచోట ఒక్కటి పేలినా అలాగే అదురుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండు!

అయిదో ఒత్తి కోసేటప్పుడు నవ్వాడు. నాలుగు వేళ్ళు కలిపాడా, లేదా? కలపడం మరిచి, నవ్వులో ఇంకో వేలెడు కూడా తగ్గి ఉంటే, ఆ రెండు అంకెల తేడా కూడా పోయి నాలుగూ అయిదూ దాదాపు జంటగా పేలాలి; ప్రతి ఒత్తినీ విడిగా కొలుస్తాడు కాబట్టి ఆరోదాని వేళ మారదు. ఆయన తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. పాతికేళ్ళుగా రోజూ చేసే పని ఇవాళ చేశానా లేదా అంటే చెయ్యి ఏం చెబుతుంది? ఎంత గుర్తుచేసుకున్నా బామ్మర్ది మాటే వినిపిస్తోంది, ఒత్తి కనిపించడం లేదు.

"సార్, రెండూ కలిసి పేలాయేమో," అన్నాడు.

"ఏమో అంటే కుదరదు, మేస్త్రీ. ఖాయంగా చెప్పు."

ఖాయంగా చెప్పలేకపోయాడు. ఖాయమైతే ఎప్పుడో దిగేవాడే. బావా అని కింద నుంచి ఒక్కసారి వినిపించింది. రెండోసారి వినిపించలేదు. ఆయనకు భయం వేస్తోంది, మామూలు భయం కాదు, ఆ గోనెసంచి బరువు మళ్ళీ చేతికి తెలుస్తోంది.

ఎనిమిదో నిమిషంలో ఆయన భార్య వచ్చింది. జెండా ఒక లారీ డ్రైవరు చేతిలో పెట్టి గోతి చుట్టూ పరుగెత్తుకొచ్చిందట. చెప్పులు లేవు. గట్టు అంచుకొచ్చి కిందకు చూసింది. గిరుక్కున తిరిగి మొగుణ్ణి పట్టుకుంది.

"ఎందుకు నిలబడ్డావయ్యా? వాడు పోతున్నాడు. ఎందుకు నిలబడ్డావు?"

"ఆరేనే. నేను ఆరే విన్నాను."

ఆవిడ తమ్ముడి వంక చూసింది. ఆ తర్వాత మొగుడి మొహంలోకి చూసింది, చాలాసేపు చూసినట్టనిపించింది ఆయనకు.

"ఏడు," అంది.

మేనేజరు కలగజేసుకున్నాడు. "చూడమ్మా, నీ బాధ నాకు తెలుసు. నీ తమ్ముడు కాబట్టి ఏడంటావు. ఎదురు కొండకు తగిలి తిరిగొచ్చిన చప్పుడు విని ఉంటావు."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కింద ఉన్నది నా తమ్ముడైతే ఇక్కడున్నది నా మొగుడు కాదా సార్? ఆరు విని ఏడని చెప్పి ఈయన్ని లోపలికి పంపుతానా? నేనేమన్నా రాక్షసినా?"

మేనేజరు మళ్ళీ వాచీ చూసుకున్నాడు. మేస్త్రీ మాత్రం తొందరపడలేదు. ఆవిడను రెండు అడుగులు పక్కకు తీసుకెళ్ళాడు. నాలుగోది గట్టిగా వచ్చిందని ఆయన ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఖాళీ ఎక్కడ వచ్చిందో కూడా అనలేదు. ఇప్పుడూ అనకుండా అడిగాడు.

"నేను ఆరు విన్నచోట నువ్వు ఏడు విన్నావంటే, ఏవో రెండు దగ్గర దగ్గరగా వచ్చి ఉండాలి. ఏ రెండు?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. "నాలుగోది. దాని మడమ తొక్కుతూ ఇంకొకటి. దడ్, దడ్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత రెండు."

మేస్త్రీకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆయనకు వెంటనే సమ్మెటలు గుర్తొచ్చాయి. గోతిలో ఆ కొసన ఒకడూ ఈ కొసన ఒకడూ సమ్మెటలతో రాయి కొడుతుంటే, కాపలా గుంట దగ్గర రెండు దెబ్బలూ ఒక్కటిగా వినిపించేవి. అదే జెండా దగ్గరికి వెళితే విడివిడిగా వినిపించేవి. చప్పుడు కూడా నడిచి రావాల్సిందే కదా! దూరం నుంచి ముందు బయల్దేరింది, దగ్గర్నుంచి వెనక బయల్దేరింది ఒకచోట కలుసుకుంటే అక్కడున్నవాడికి అవి ఒకేసారి జరిగినట్టు. ఇంకోచోట ఉన్నవాడికి కాదు. ఇద్దరూ నిజమే చెబుతారు. ఈ ముక్కే మేనేజరుకు చెప్పాడు.

మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "నేను పర్మిషన్ ఇవ్వను. దిగితే రిపోర్టు రాస్తాను. నీ పని పోతుంది."

"రాసుకోండి, సార్."

"పన్నెండో నిమిషం, మేస్త్రీ! ఇంకా పద్దెనిమిది ఉంది!"

"అంతసేపు మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే అక్కడ మనిషి ఉండడు సార్," అని మేస్త్రీ గట్టు దిగాడు.

దిగేవరకు ధైర్యంగానే ఉంది. గోతి నేల మీద కాలు పెట్టగానే అదంతా ఎటుపోయిందో తెలియదు. ముందు పగిలిన రాతి గోడ, దాని మీద పలచగా దుమ్ము. ఏది ఎన్నో రంధ్రమో ఆనవాలు తెలియడం లేదు. ఆయన నడుస్తున్నాడు, పరుగెత్తితే రాళ్ళు కదులుతాయని నడుస్తున్నాడు. అడుగుకూ అడుగుకూ మధ్య మేనమామ కనిపిస్తున్నాడు. ఒకవేళ ఆవిడ విన్నది ఎదురు కొండ చప్పుడే అయితే? ఒకవేళ ఒత్తి కొస ఇప్పుడే, ఈ అడుగుకే మందును తాకుతుంటే? పేలుడు తనకు వినిపిస్తుందా అసలు? వెనక్కి తిరుగుదామా అని ఒక్కసారి కాదు, మూడుసార్లు అనుకున్నాడు. సిగ్గుపడాల్సిందేం లేదు, ఎవరైనా అనుకుంటారు.

బామ్మర్ది దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ముందు కట్టు బిగించాడు. చొక్కా కింద ఒక ఇనుప ముక్క దూర్చి, మెలితిప్పి, రక్తం ఆగేదాకా తిప్పాడు. వాడు కళ్ళు సగం తెరిచాడు. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"లేటయింది, బావా."

"నోర్ముయ్. నీ తొందర తగలెయ్య!"

అప్పుడు తల తిప్పి, దుమ్ము కిందికి దిగిన గోడ వంక చూశాడు. నాలుగోది ఉండాల్సిన చోటా, అయిదోది ఉండాల్సిన చోటా రాయి ఒకేలా విరిగిపోయి ఉంది. విరిగిన రాతి మీద రెండు గాట్లు, నిలువునా చీల్చిన గొట్టాల్లా. రెండింటి లోపలా మసి. అయిదోది పేలింది! ఎప్పుడో పేలిపోయింది. మేస్త్రీకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వాణ్ణి వీపు మీద వేసుకుని గట్టుదారి పట్టాడు. పైనున్నవాళ్ళు ఆయన ఏడుపు చూసి ఇంకేదో అనుకుని హడలిపోయారట.

సాయంత్రానికి ఆపరేషన్ అయింది. కాలు నిలుస్తుందో లేదో వారం పోతే గానీ చెప్పలేమన్నారు, మనిషి మాత్రం బతికినట్టేనన్నారు. మేనేజరు ఆసుపత్రికి వచ్చాడు. వాణ్ణి చూశాడు, మేస్త్రీ భుజం తట్టాడు. ఆ తర్వాతే గొంతు సవరించుకుని చెప్పాడు. "రాయక తప్పలేదు మేస్త్రీ. నువ్వు గోతిలో దిగినప్పుడు ఫోన్లో టైము నొక్కాను. ఆరు నిమిషాల యాభై రెండు సెకన్లు లోపలున్నావని రిపోర్టు పంపాను. పైవాళ్ళు ఏమంటారో చూద్దాం. రేపటి నుంచి రాకు."

"మంచిది, సార్," అన్నాడు మేస్త్రీ. ఆ రోజు ఆయనకు ఏం చెప్పినా మంచిదే.

మేనేజరు వెళ్ళాక వరండాలో బల్ల మీద మొగుడూ పెళ్ళాలు ఇద్దరే మిగిలారు. ఆవిడ మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కాళ్ళకు గుచ్చుకున్న కంకర ముక్కలు నర్సు తీసి కట్టు కట్టింది. మేస్త్రీ మనసు తేలికగా ఉంది. ఎన్నడూ లేనిది, పెళ్ళాన్ని పొగడాలనిపించింది.

"నీ చెవులకు దణ్ణం పెట్టాలే. నువ్వు ఆ కొసన ఉండి ఏడూ విన్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే వాడు లేడు."

ఆవిడ తన కాలి కట్టు వంకే చూస్తూ కూర్చుంది.

"ఏమే?"

"ఆరే విన్నాను," అంది.

ఆయనకు ముందు అర్థం కాలేదు.

"మరి ఆ దడ్, దడ్?"

"నాలుగోది గట్టిగా వచ్చింది. దాని తర్వాత ఇరవై నాలుగు దాకా ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళ నుంచి లెక్కపెడుతున్నాను, నాకు తెలియదా? అయిదోది కలిసిపోయిందో, లోపలే ఉందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆరని చెబితే నువ్వు దిగవు. అందుకని ఏడన్నాను."

నిజమే, ఆవిడకు ఎందుకు తెలియకుండా ఉంటుంది? తను అంత తెలివిగా అడిగానని మురిసిపోయాడు. తను విన్నదే ఆవిడా విని ఉంటుందని ఆ క్షణంలో ఎందుకు తట్టలేదు? తట్టకూడదని కోరుకున్నాడు కాబట్టి తట్టలేదు.

"కలిసిపోకుండా లోపలే ఉండుంటే?"

ఆవిడ ఆయన మొహంలోకే చూసింది.

"నన్ను పందెం కాశావు," అన్నాడు.

"అవును," అంది ఆవిడ.

ఏడ్చి కాళ్ళు పట్టుకుంటే ఒక తీరుగా ఉండేది. తప్పయిందంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. అవునని ఊరుకుంటే ఏం చేస్తాడు మనిషి? ఆయనకు ఒళ్ళు మండిపోయింది. లేచి వరండా చివరిదాకా వెళ్ళాడు. అక్కడ కిటికీ తప్ప ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళ లెక్క, ఒక్క పూటలో, తన ప్రాణం మీద పెట్టి తప్పు చెప్పింది. ఆ గోతిలో తనొక్కడే నడుస్తున్నప్పుడు ఆవిడ మాటనే పట్టుకుని నడిచాడు. అది గాలిలో వేలాడుతున్న తాడని ఆవిడకు తెలుసు. కోపం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. ఇంటికి పోదామనుకున్నాడు. కాళ్ళు తీసుకుపోలేదు. తిరిగొచ్చి అదే బల్ల మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నాడు.

ఆవిడే నోరు విప్పింది. "నువ్వు గోతిలో కాలు పెట్టిన దగ్గర్నుంచి లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు అంకెలు. నువ్వు గట్టెక్కాక ఆపాను. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. కావాలంటే ఎవర్నైనా అడుగు."

మేస్త్రీకి ఎవర్నీ అడగాల్సిన పని లేదు. మేనేజరు చెప్పింది చెవిలోనే ఉంది. ఆరు అరవైలు మూడొందల అరవై, మీద యాభై రెండు. ఫోన్లో నొక్కింది ఎంతో, గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడి పెదవులతో కొలిచింది కూడా అంతే.

కోపం తగ్గలేదు. ఇప్పట్లో తగ్గేదీ కాదు. కానీ ఒక్క మాట అడక్కుండా ఉండలేకపోయాడు.

"మధ్యలో అది పేలుంటే ఏ అంకె దగ్గర ఆపేదానివి?"

ఆవిడ ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడ వంక చూస్తూ ఆలోచించింది.

"ఆపేదాన్ని కాదు," అంది. "ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉండేదాన్ని."